గన్‌ఫౌండ్రీ కట్టించిన మూసారాం

మా హాస్టల్లో ఒకడున్నాడు. వాడికి పాత తుపాకులంటే పిచ్చి. చేత్తో పట్టుకున్నది ఎప్పుడూ లేదు, చూసింది కూడా సాలార్‌జంగ్ మ్యూజియం అద్దాల వెనకే. అయినా రాత్రి పన్నెండింటికి లేపి అడిగినా 1858 రెమింగ్టన్ గురించి గంటసేపు చెప్తాడు. మొన్న సెమిస్టర్ సెలవుల ముందు వాడు నాకు కన్వర్షన్ సిలిండర్ అంటే ఏంటో చెప్పాడు. పాతకాలం రివాల్వర్లలో ఇప్పటిలా రెడీమేడ్ తూటాలుండవు. సిలిండర్లో ఒక్కో గదిలో నల్లమందు పోసి, పైన సీసం గుండు దిగ్గొట్టి, వెనకాల చిన్న క్యాప్ పెట్టుకోవాలి. ఆ సిలిండర్ని పీకేసి తూటాలు పట్టే సిలిండర్ బిగిస్తే అదే కన్వర్షన్. తుపాకీ అదే, గొట్టం అదే, మధ్యలో తిరిగే ముక్క మాత్రం మారుతుంది. అమెరికాలో ఆ పాత మోడళ్ళ నకళ్ళు ఇప్పటికీ అమ్ముతారట. మరి కన్వర్షన్‌కి ఏ రివాల్వర్ మంచిది అంటే మొదటి రూల్ ఒకటే: ఇత్తడి ఫ్రేమ్ ఉన్నది ముట్టుకోవద్దు, ఉక్కు ఫ్రేమ్‌దే తీసుకోవాలి. ఇత్తడి ఫ్రేమ్ పేలిన ప్రతిసారీ కంటికి కనపడనంత సాగుతుంది. అలా సాగీ సాగీ సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు పెరిగిపోతుంది.

నాకు అక్కడే ఒక డౌట్ పట్టుకుంది. ఇత్తడి, కంచు రెండూ రాగి కుటుంబమే. మరి అంత చిన్న రివాల్వర్‌కే పనికిరాని లోహంతో, నల్లమందు రోజుల్లో అంతంత ఫిరంగులు ఎలా పోశారు?

ఆ డౌట్ తోనే ఇంటర్న్‌షిప్‌కి పోయాను. మా ఇల్లు జీడిమెట్ల వైపు, ఇంటర్న్‌షిప్ కూడా అక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలోనే, ఒక చిన్న పోతపని యూనిట్లో. అక్కడ పంపులకి బుష్‌లు పోస్తారు. గన్‌మెటల్ బుష్‌లు. నూటికి సుమారు తొంభై పాళ్ళు రాగి, పది పాళ్ళు తగరం. పేరులోనే గన్ ఉంది కానీ అక్కడ పనిచేసే వాళ్ళెవరూ దాని గురించి ఆలోచించినట్టు లేదు. నా ప్రశ్న మేస్త్రికి చెప్తే ఆయన నవ్వి, మందం చూడు బాబూ అన్నాడు. అంతే విషయం. కంచు పగలదు, సాగుతుంది. అంగుళాల మందం గోడ ఉన్న ఫిరంగికి సాగే గుణమే ప్రాణరక్ష. పోత ఇనుము ఫిరంగి చవకే, కానీ పగిలితే ముక్కలైపోయి పక్కనున్న వాళ్ళని చంపేది. కంచుది ఉబ్బి, చీలి, ముందే హెచ్చరిస్తుంది. రివాల్వర్ ఫ్రేమ్ సన్నం కాబట్టి అక్కడ అదే గుణం దోషం అయింది. ఇంత చెప్పి ఆయన ఇంకో మాట కలిపాడు. ఈ ఊళ్ళో మనకంటే ముందు గన్‌మెటల్ పోసింది ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీలో, ఆ సంగతి తెలుసుకో అన్నాడు.

నాకు గన్‌ఫౌండ్రీ అంటే స్టేట్ బ్యాంకు. మీలో చాలామందికీ అంతే అయ్యుంటుంది. బస్సులో ఆ పేరు వెయ్యిసార్లు విని ఉంటాం, అది నిజంగా ఫౌండ్రీ అని ఎప్పుడూ తట్టదు. ఫతే మైదాన్ పక్కన సందుల్లో పాత గోడలు ఇంకా మిగిలి ఉన్నాయి. పాత పేరు తోప్ కా సాంచా. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. దాన్ని 1786 ప్రాంతంలో కట్టించినవాడు ఒక ఫ్రెంచివాడు. మెట్రో రెడ్ లైన్లో మలక్‌పేట దాటాక వచ్చే మూసారాంబాగ్ కూడా ఆయన పేరే. ఇక అక్కణ్ణుంచి నా సెలవులన్నీ ఆయన వెనకే పోయాయి.

ఆయన పూర్తి పేరు మిషెల్ జోవాకిం మరీ రేమండ్. 1755లో ఫ్రాన్స్ దక్షిణాన గాస్కనీ ప్రాంతంలో సెరిన్యాక్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి వ్యాపారి. సైనిక స్కూల్లో చదవలేదు, ఇంజనీరూ కాదు. ఇరవయ్యేళ్ళ వయసులో 1775లో పాండిచ్చేరికి వచ్చింది కూడా సరుకులు అమ్ముకుందామనే. ఆ వ్యాపారం ఎక్కువ రోజులు సాగలేదు. మైసూరులో హైదరలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో చిన్న అధికారిగా చేరిపోయాడు. అప్పట్లో దక్కనులో ఇది మామూలే. యూరప్ నుంచి వచ్చి, కవాతు నేర్పగలిగి, ఫిరంగి పేల్చగలిగితే చాలు, ఏదో ఒక దర్బారులో ఉద్యోగం ఉండేది. మన సీనియర్లకి ఇప్పుడు గచ్చిబౌలి ఎలాగో వాళ్ళకి అప్పుడు శ్రీరంగపట్నం, పూనా, హైదరాబాదు అలాగ.

1783లో ఆయన బుస్సీకి అంగరక్షక అధికారి అయ్యాడు. బుస్సీ అనగానే మనకి బొబ్బిలి యుద్ధం గుర్తుకు రావాలి. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిన ఆ బుస్సీయే. అప్పటికి ముసలివాడై, జబ్బుతో మళ్ళీ ఇండియాకి వచ్చాడు. ఒకప్పుడు ఉత్తర సర్కార్లన్నీ ఆయన చేతిలో ఉండేవి, హైదరాబాదులో నిజాముల్ని నిలబెట్టేంత పలుకుబడి ఉండేది. రేమండ్ ఆయన దగ్గర ఏం నేర్చుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే ఒకటి మాత్రం కనపడుతుంది: హైదరాబాదు దర్బారులో ఒక పరాయివాడు నిలబడాలంటే, సొంతంగా జీతాలివ్వగల దళం ఒకటి చేతిలో ఉండాలి. బుస్సీ 1785 జనవరిలో పాండిచ్చేరిలో చనిపోయాడు. ఆ మరుసటి ఏడాదికల్లా రేమండ్ హైదరాబాదులో ఉన్నాడు.

అప్పుడు గద్దె మీద రెండో అసఫ్ జా నిజాం అలీఖాన్ ఉన్నాడు. చుట్టూ మరాఠాలు, టిప్పు, ఇంగ్లీషు కంపెనీ. గుర్రపు దళాలు బోలెడున్నాయి గానీ, వరసలో నిలబడి తుపాకులు పేల్చే పదాతి దళం తక్కువ. రేమండ్‌కి 300 మందితో ఒక దళం కట్టుకోమని అనుమతి దొరికింది. మనుషులు దొరికారు. తుపాకులు లేవు. ఆయన ఏం చేశాడంటే, ఒక ఫ్రెంచి వర్తకుడి దగ్గర అద్దెకు తెచ్చాడు. ఒక్కో తుపాకీకి నెలకి 8 అణాలు. మీరు కూడా లెక్క వేయండి: అణాలు పదహారైతే రూపాయి, అంటే 300 తుపాకులకి నెలకి 150 రూపాయలు. బైకు కొనలేక రెంటల్ యాప్‌లో తెచ్చుకున్నట్టు ఒక సైన్యం మొదలైంది. నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చిన వివరం ఇదే. తర్వాత ఎంత ఎత్తుకు ఎదిగినా, ఆ ఎనిమిది అణాల లెక్క తెలిసినవాడు కాబట్టే ఫౌండ్రీ కట్టించి ఉంటాడని నా అనుమానం.

ఎందుకంటే అద్దె తుపాకీతో రెండు చిక్కులున్నాయి. యజమాని వెనక్కి ఇమ్మంటే సైన్యం లేనట్టే. రెండోది మన సబ్జెక్టు. అప్పటి మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గుండుని మూతి వైపు నుంచే దించాలి. నల్లమందు అంటే పెటలుప్పు, బొగ్గు, గంధకం, సుమారుగా 75, 15, 10 పాళ్ళలో. ఇది పూర్తిగా కాలదు. కాలిన దాంట్లో సగానికి పైగా మసిగా, పొగగా మిగులుతుంది. పదిసార్లు పేల్చాక గొట్టం లోపల పూత పేరుకుని గుండు దిగడం కష్టం అవుతుంది. అందుకే గుండుని గొట్టం కంటే కాస్త చిన్నగా పోస్తారు. అప్పటి ఫ్రెంచి మస్కెట్ గొట్టం సుమారు 17.5 మిల్లీమీటర్లు, ఇంగ్లీషు వాళ్ళది సుమారు 19. ఒకే దళంలో సగం మంది దగ్గర ఒకటి, సగం మంది దగ్గర ఇంకొకటి ఉంటే యుద్ధం మధ్యలో గుండ్ల సంచి మారిపోతే ఏమవుతుందో ఊహించుకోండి. పెద్ద గుండు చిన్న గొట్టంలో దిగదు, చిన్న గుండు పెద్ద గొట్టంలోంచి ఎటో పోతుంది. బాగా కవాతు చేసిన సిపాయి నిమిషానికి మూడుసార్లు పేల్చగలడు, అదీ గుండు సరిగ్గా దిగితేనే. కాబట్టి పెద్ద సైన్యం కట్టాలంటే ఒకే కొలత ఉండాలి, ఒకే కొలత కావాలంటే సొంత కార్ఖానా ఉండాలి.

ఇదే సమయంలో, 1785లో, ఫ్రాన్స్‌లో ఒనొరే బ్లాంక్ అనే తుపాకుల తయారీదారు కొన్ని తుపాకీ లాక్‌ల విడిభాగాలు కలిపేసి, అందులోంచి చేతికొచ్చినవి ఏరి బిగించి చూపించాడు. అప్పుడు అమెరికా రాయబారిగా పారిస్‌లో ఉన్న జెఫర్సన్ అది చూసి ఆశ్చర్యపోయి ఇంటికి ఉత్తరం రాశాడు. మనం ఫస్టియర్లో ఇంటర్‌చేంజబిలిటీ అని ఒక్క లైన్లో చదివి వదిలేసే విషయం అప్పటికి ప్రపంచ వింత. మామూలుగా అయితే ప్రతి భాగాన్నీ పనివాడు ఆకురాయితో అరగదీసి ఆ ఒక్క తుపాకీకి సరిపోయేలా చేయాల్సిందే. గన్‌ఫౌండ్రీలో చేసిన మస్కెట్లూ అలాంటి చేతిపనే అయి ఉండాలి. అయినా అవి యూరప్ నుంచి దిగుమతి అయినవాటికి తీసిపోవని తర్వాత శత్రుపక్షమైన ఇంగ్లీషువాళ్ళే ఒప్పుకున్నారు. పేరు ఎవరికి పోయినా, ఆకురాయి పట్టిన చేతులు ఈ ఊరివే.

ఇక ఫిరంగి పోత. ఆ కాలం పద్ధతి చదువుతుంటే నాకు జీడిమెట్ల యూనిట్ కళ్ళ ముందు కనపడింది. చెక్క కడ్డీకి తాడు చుట్టి, పైన మట్టి మెత్తి ఫిరంగి ఆకారం తెస్తారు. దాని చుట్టూ బంకమట్టి, పేడ, వెంట్రుకలు కలిపిన పొరలు వేసి అచ్చు చేస్తారు. పేడ, వెంట్రుకలు ఎందుకంటే కాలినప్పుడు సన్నని రంధ్రాలు మిగిలి గాలి బయటికి పోతుంది. లేకపోతే లోహంలో బుడగలు. అచ్చుని గోతిలో నిలువుగా, ఫిరంగి తోక భాగం కిందికి ఉండేలా దించి చుట్టూ మట్టి దట్టిస్తారు. మందు పేలేది తోక దగ్గరే కాబట్టి అక్కడ లోహం గట్టిగా ఉండాలి, పైనున్న లోహం బరువంతా దాన్ని నొక్కుతుంది. మూతి పైన కావాలనే ఇంకొంచెం ఎక్కువ పోస్తారు. చల్లారేటప్పుడు కుంచించుకుపోయే లోటుని అది భర్తీ చేస్తుంది, తర్వాత కోసి పారేస్తారు. మా యూనిట్లో మేం రైజర్ అంటాం. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ పని మారలేదు. ఇసుక మారింది, ఫర్నేస్ కరెంటుది అయింది. లాడిల్ వంచేటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టడం మాత్రం అప్పుడూ ఉండే ఉంటుంది.

దళం పెరుగుతూ పోయింది. 300 మంది వేలయ్యారు. 1795 నాటికి ఆయన కింద పదివేలకు పైగా సిపాయిలున్నారు. ఖర్చుల కోసం నిజాం కొన్ని జిల్లాల రాబడి ఆయనకే అప్పగించాడు, మెదక్‌లో జాగీరు ఇచ్చాడు. పెద్ద పెద్ద బిరుదులు కూడా ఇచ్చాడు, అందులో ఒకదానికి అర్థం రాజ్యానికి మహాసర్పం లాంటివాడని. మన వాట్సాప్ గ్రూపులో ఎవరికైనా ఈ బిరుదు ఇస్తే ఊరుకోరు గానీ, అప్పుడది గౌరవం. సిపాయిలు ఆయన్ని దొర అని దూరం పెట్టలేదు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మొస్యూ అనే ఫ్రెంచి మాట మన నోట్లో పడి మూసా అయింది, ఇంటిపేరు ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మార్చుకున్నారు. ఒక మనిషికి రెండు మతాల వాళ్ళూ చెరొక పేరు పెట్టుకుని దగ్గరికి తీసుకోవడం ఎందుకు జరిగిందో ఊహించడం కష్టం కాదు. రాజుల సైన్యాల్లో జీతాలు నెలలు, ఒక్కోసారి ఏళ్ళు బాకీ పడే రోజులవి. జిల్లాల రాబడి నేరుగా చేతికొచ్చే సేనాపతి దగ్గర ఉంటే ఆ డబ్బు దారిలో మాయమయ్యే అవకాశం తక్కువ.

ఇక్కడ ఒక సొంత విషయం చెప్పాలి. నా ఇంటర్న్‌షిప్ రెండో నెలలో మా యూనిట్లో జీతాలు లేటయ్యాయి. ఏడో తారీఖు రావాల్సినవి ఇరవై దాకా రాలేదు. అచ్చులు కట్టేవాళ్ళలో సగం మంది ఒడిశా వైపు వాళ్ళు, చెప్పాపెట్టకుండా ఇంకో షెడ్డుకి పోయారు. ఫర్నేస్ ఉంది, రాగి ఉంది, ఆర్డర్లున్నాయి, డ్రాయింగులున్నాయి. పోత మాత్రం లేదు. అప్పటిదాకా ఫౌండ్రీ అంటే ఫర్నేస్ అనుకునేవాణ్ణి.

1795 మార్చిలో ఖర్దా దగ్గర, అంటే ఇప్పటి మహారాష్ట్రలో అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) జిల్లాలో, నిజాం సైన్యం మరాఠాల్ని ఎదుర్కొంది. కంపెనీ సాయం చేస్తుందనుకుంటే గవర్నర్ జనరల్ జాన్ షోర్ మాకు సంబంధం లేదని తప్పుకున్నాడు. అటువైపు సింధియా దళాలకి నాయకుడు పెరాన్, ఆయనా ఫ్రెంచివాడే. రెండు ఫ్రెంచి కవాతు సైన్యాలు దక్కనులో ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి. రేమండ్ పదాతి దళం గట్టిగానే నిలబడింది. కానీ వెనక నిజాం గుర్రపు దళాలు చెదిరిపోయాయి, నిజాం తన అంతఃపురంతో సహా వెనక్కి తగ్గాలని నిర్ణయించి రేమండ్‌ని కూడా వచ్చేయమన్నాడు. అందరూ పోయి ఖర్దా చిన్న కోటలో చిక్కుకున్నారు. నీళ్ళు లేవు, తిండి లేదు. చివరికి సంధి: దౌలతాబాద్ కోట, చుట్టుపక్కల భూములు, 3 కోట్ల రూపాయలు, పైగా ప్రధాని అరిస్తూ జాని బందీగా పూనాకి పంపడం. యుద్ధం ఓడిపోయింది నిజం. ఓడిన సైన్యంలో చెదరకుండా వెనక్కి వచ్చింది రేమండ్ దళం అన్నదీ నిజం. హైదరాబాదు తిరిగి వచ్చేసరికి ఆయన విలువ తగ్గలేదు, పెరిగింది. కోపంతో నిజాం తన దగ్గరున్న ఇంగ్లీషు పటాలాల్ని పంపేశాడు.

అదే ఏడాది జూన్‌లో నిజాం పెద్ద కొడుకు ఆలీ జా తండ్రి మీద తిరగబడి రాత్రికి రాత్రి బీదర్ వైపు పోయాడు. వెంటాడింది రేమండే. కొడుకు ఔరంగాబాద్‌లో దొరికాడు, హైదరాబాదుకి తెస్తుంటే దారిలో చనిపోయాడు, విషం తాగాడంటారు. నిజాం ఇంగ్లీషు పటాలాల్ని మళ్ళీ రమ్మని కబురు పెట్టినా, అవి వచ్చేలోపే పని అయిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు రేమండ్ జీవితంలో పెద్ద వయసు. హైదరాబాదులో ఆయన మాటకి ఎదురులేదు. ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చి రాజు తల తెగింది. ఇక్కడ నిజాం అనే రాజుని కాపాడే సైన్యం మూడు రంగుల రిపబ్లిక్ జెండా కింద కవాతు చేసేది, గుండీల మీద స్వేచ్ఛకి గుర్తైన టోపీ బొమ్మ ఉండేది. అది చూసి నిజాం ఏమనుకున్నాడో గానీ, కంపెనీవాళ్ళకి మాత్రం నిద్ర పట్టలేదు. వాళ్ళ లెక్కలో ఇది నిజాం సైన్యం కాదు, దక్కను నడిబొడ్డున ఫ్రాన్స్ సైన్యం. టిప్పుతో కలిస్తే ఎలా అన్నది వాళ్ళ భయం. విరుగుడుగా దర్బారులో ఫింగ్లాస్ అనేవాడి దళాన్ని, బాయ్డ్ అనే అమెరికావాడి దళాన్ని కూడా పెట్టించారు. సొంత తుపాకులతో సైన్యం కట్టి అద్దెకు తిప్పే వ్యాపారం రేమండ్ ఒక్కడిదే కాదన్నమాట. వీళ్ళెవరూ ఆయనంత ఎదగలేదు. పూనా నుంచి అరిస్తూ జా 1797లో విడుదలై వచ్చాక దర్బారు గాలి మెల్లగా ఇంగ్లీషు వైపు తిరిగింది.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. వయసు 42. హఠాత్తుగా పోయాడు కాబట్టి విషం పెట్టారని కొందరు, తనే తాగాడని కొందరు అన్నారు. రుజువులు లేవు, నేను ఏ పక్షమూ తీసుకోను. దళం ఆయన కిందివాడు పీరాన్ చేతికి వచ్చింది. ఖర్దాలో అటువైపున్న పెరాన్ వేరు, ఈ పీరాన్ వేరు. చదివేటప్పుడు నేనూ తికమకపడ్డాను.

మిగతాదంతా ఏడు నెలల్లో అయిపోయింది. మే నెలలో వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. సెప్టెంబర్ 1న నిజాంతో ఒప్పందం కుదిరింది: కంపెనీ సిపాయిల ఆరు పటాలాలు హైదరాబాదులో ఉంటాయి, వాటి ఖర్చు కింద నిజాం ఏడాదికి 24,17,100 రూపాయలు ఇవ్వాలి, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. సైన్య సహకార పద్ధతి అని టెన్త్ సోషల్లో బట్టీ పట్టామే, అది మొదలైంది ఇక్కడే. గుంటూరు నుంచి బయల్దేరిన నాలుగు కంపెనీ పటాలాలు అక్టోబర్ 10న హైదరాబాదు చేరాయి. నిజాం చివరిదాకా ఊగిసలాడాడు. రెసిడెంటు పని చూస్తున్న కిర్క్‌పాట్రిక్, తర్వాత కోఠీలో ఆ పెద్ద రెసిడెన్సీ కట్టించినవాడే, ఒత్తిడి తెచ్చి రద్దు ఆర్డర్ ఇప్పించాడు.

అప్పుడు జరిగింది చూడండి. ఫ్రెంచి శిబిరంలో పదివేల పైచిలుకు మంది, ఫిరంగులు, మందుగుండు, గన్‌ఫౌండ్రీలో చేసిన తుపాకులు అన్నీ ఉన్నాయి. కోట గోడ ఒక్కటే తక్కువ. రద్దు కబురు వినగానే ఆ సిపాయిలు ఇంగ్లీషువాళ్ళ మీదికి పోలేదు. తమ సొంత అధికారుల మీదికి పోయారు. బాకీ జీతాలు ఇచ్చి కదలండని పీరాన్‌ని, మిగతా ఫ్రెంచివాళ్ళని పట్టుకుని కట్టేశారు. నచ్చచెప్పడానికి వచ్చిన కంపెనీ అధికారి మాల్కంని కూడా పట్టుకోబోయారు, గుంపులో ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన సిపాయిలు కొందరు గుర్తుపట్టి కాపాడారు. మర్నాడు అక్టోబర్ 22న కంపెనీ సైన్యం శిబిరాన్ని చుట్టుముట్టింది. బాకీ ఇస్తామన్న హామీ మీద సిపాయిలు తుపాకులు కింద పెట్టి వరసగా బయటికి నడిచారు. ఒక్క తూటా పేలలేదు. పన్నెండేళ్ళు పోసిన ఫిరంగులు ఒక్క మధ్యాహ్నంలో చేతులు మారాయి.

రేమండ్ బతికి ఉంటే వాళ్ళు పోరాడేవాళ్ళా? మా హాస్టల్ వాడు తప్పకుండా అంటాడు. నాకు అంత నమ్మకం లేదు. కానీ జీతం బాకీ పడేది కాదేమో, పడినా ఇస్తాడులే అని ఆగేవాళ్ళేమో అనిపిస్తుంది. ఎనిమిది అణాల అద్దెతో మొదలుపెట్టినవాడు అచ్చులో పోయలేకపోయింది ఆ నమ్మకాన్నే. అది ఆయనతోనే పోయింది, పీరాన్‌కి చార్జ్‌షీట్‌లో రాసి అప్పగించే వస్తువు కాదది.

ఇదంతా విని మా వాడు అన్నమాట నాకు నచ్చింది. ఇది కన్వర్షనే రా అన్నాడు. నిజాం రాజ్యం ఫ్రేమ్. ఫ్రెంచి సిలిండర్ పీకేసి ఇంగ్లీషు సిలిండర్ పెట్టారు. మరి ఫ్రేమ్ తట్టుకుందా అని నేను అడిగాను, ఎందుకంటే మొదటి రూల్ వాడు చెప్పిందే. లెక్క చూస్తే ఆ ఫ్రేమ్ రెండేళ్ళకే సాగింది. 1800 అక్టోబర్‌లో ఇంకో ఒప్పందం: పటాలాలు పెరిగాయి, ఖర్చు నగదుగా ఇచ్చే బదులు, మైసూరు యుద్ధాల్లో తన వాటాకి వచ్చిన జిల్లాలన్నీ నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు. దత్త మండలాలు అన్నారు వాటిని. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు మార్చుకున్నారు. మా వాడిది కడప జిల్లా. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్ళ ఊరు ఒక సైన్యం జీతాల కింద చేతులు మారిందని అప్పటిదాకా వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

సెలవుల చివరి ఆదివారం ఇద్దరం రేమండ్ సమాధికి పోయాం. మూసారాంబాగ్‌లో దిగి, మలక్‌పేట అస్మాన్‌గఢ్ గుట్ట ఎక్కాలి. నల్లరాతి స్తంభం, సుమారు 7 మీటర్ల ఎత్తు, పైకి పోనుపోను సన్నబడుతుంది. దాని మీద జె.ఆర్. అని రెండక్షరాలున్నాయి. పక్కన గ్రీకు గుడిలా స్తంభాల మంటపం ఒకటి ఉంది. పాతది 2001 అక్టోబర్ వానలకి కూలిపోతే తర్వాత మళ్ళీ కట్టారు. వర్ధంతి రోజున 1940ల దాకా కూడా ఇక్కడ ఉర్సులా జనం వచ్చేవాళ్ళట. ఆరో నిజాం కాలం దాకా ప్యాలెస్ నుంచి ఒక పెట్టె చుట్టలు, ఒక బీరు సీసా వచ్చేవని చెప్పుకుంటారు. మేం పోయినప్పుడు మంటపం మెట్ల మీద ఇద్దరు పిల్లలు గాలిపటం దారం చుట్టుకుంటున్నారు. ఇది ఎవరిదని మా వాడు అడిగితే మూసారాంది అని చెప్పారు. మూసారాం ఎవరంటే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తిరిగి మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కాం. రైలు మలక్‌పేట దాటి, మూసీ దాటి, కోఠీ పక్కనుంచి, నాంపల్లి మీదుగా పోయింది. మా వాడు దారంతా ఒనొరే బ్లాంక్ తుపాకీ లాక్ గురించి చెప్తూనే ఉన్నాడు. బాలానగర్‌లో దిగి జీడిమెట్ల షేర్ ఆటో ఎక్కేసరికి చీకటి పడింది. సోమవారం యూనిట్‌కి పోయాను. జీతాలు పడ్డాయట, పోయిన వాళ్ళలో నలుగురు తిరిగి వచ్చి అచ్చులు కడుతున్నారు.